టెలిస్కోపు కొన్నారు సరే.. ఏం చూడాలి? మంగళగిరి డాబా మీది లెక్క

పిల్లలు పట్టుబట్టారనో, పుట్టినరోజు కానుకగానో టెలిస్కోపు కొనే ఇళ్లు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నాయి. డబ్బా మీద రంగురంగుల నెబ్యులా బొమ్మ ఉంటుంది. మొదటి రాత్రి డాబా ఎక్కి చూస్తే ఆ బొమ్మలోది ఏదీ కనిపించదు. రెండో రాత్రీ అంతే. వారం తిరిగేసరికి టెలిస్కోపు అటకెక్కుతుంది, దాంతోపాటే పిల్లల ఆసక్తి కూడా. చాలాసార్లు తప్పు పరికరానిది కాదు. ఆ ఊరికి, ఆ రాత్రికి, ఆ పరికరానికి కుదరని వస్తువును వెతకడమే అసలు చిక్కు.

గుంటూరు నేర్పిన పాఠం

ఎక్కడి నుంచి, ఎప్పుడు, ఏం చూడాలన్నది ముందే తేల్చుకోవాలనడానికి మంచి ఉదాహరణ పక్కనే ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రాన్స్ శాస్త్రవేత్త పియెర్ జాన్సెన్ గుంటూరు వచ్చారు. గ్రహణ మార్గంలోనే ఉన్నా తీరాన ఉన్న మచిలీపట్నంలో సముద్రపు మంచు బెడద. కొండల దగ్గర మబ్బులు పట్టే భయం. అందుకే రెండింటికీ దూరంగా ఉన్న గుంటూరును ఎంచుకున్నారు. చూడాల్సింది కూడా ముందే అనుకున్నారు: సూర్యుడి అంచున కనిపించే ఎర్రటి జ్వాలలు. వాటి కాంతిని స్పెక్ట్రోస్కోపుతో పరీక్షించి అవి వేడి వాయువులని తేల్చారు. మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని చూడగలిగారు. హీలియం మూలకాన్ని కనుగొన్న కథలో గుంటూరు పేరు వచ్చేది అందుకే.

డాబా మీది టెలిస్కోపుకూ ఇదే సూత్రం.

ముందు హిజ్రీ తేదీ చూడండి

ఏ రాత్రి ఏం చూడాలో చెప్పే క్యాలెండర్ చాలా ఇళ్లలో గోడ మీదే ఉంటుంది. హిజ్రీ తేదీ అంటేనే చంద్రుడి వయసు. నెల 4 నుంచి 10వ తేదీ వరకు సాయంత్రాలు చంద్రుడివే. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంతల నీడలు పొడవుగా పడి లోతు బాగా తెలుస్తుంది. 14న నిండు చంద్రుడు అందంగానే ఉంటాడు కానీ నీడలు లేక టెలిస్కోపులో చప్పగా కనిపిస్తాడు. పైగా ఆ వెన్నెలలో మసక వస్తువులన్నీ మాయమవుతాయి. 20 దాటాక చంద్రుడు ఆలస్యంగా వస్తాడు. అప్పటి నుంచి కొత్త నెల 3వ తేదీ దాకా సాయంత్రాలు నక్షత్ర గుచ్ఛాలకు, నెబ్యులాలకు వదిలేయాలి. పంచాంగం చూసేవారికి శుక్ల చవితి నుంచి దశమి దాకా చంద్రుడు, బహుళ పక్షం రెండో సగంలో మసక వస్తువులు అని గుర్తు.

రంజాన్, ఈద్ నెలవంక ప్రకటన రూయతే హిలాల్ కమిటీల పని. ఇంట్లో సరదాగా చూడాలనుకుంటే మాత్రం సూర్యుడు పూర్తిగా అస్తమించాకే టెలిస్కోపును పడమరకు తిప్పాలి. ముందువైపు బిగించే సరైన సోలార్ ఫిల్టర్ లేకుండా టెలిస్కోపులో సూర్యుడిని చూస్తే, ఒక్క క్షణమైనా సరే, చూపు పోవచ్చు. ఐపీస్‌కు తగిలించే చిన్న నల్ల అద్దాలను నమ్మకూడదు.

తర్వాత దిక్కు

మంగళగిరికి ఈశాన్యాన విజయవాడ, నైరుతిన గుంటూరు. రెండు నగరాల వెలుగు ఆ రెండు వైపులా ఆకాశం అంచును తెల్లబరుస్తుంది. కొండ ఏ దిక్కున అడ్డొస్తుందో ఎవరి డాబా నుంచి వారు చూసుకోవాలి. నడినెత్తి ఆకాశం అన్నిటికన్నా నయం.

మంగళగిరి సుమారు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అందుకే ధ్రువ నక్షత్రం ఉత్తరాన 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, దొరకడం కష్టం. దానికి బదులు దక్షిణాకాశం కలిసొస్తుంది. తెలుగులో అగస్త్య నక్షత్రం, ఉర్దూలో సుహైల్ అనే చుక్క దక్షిణాన 20 డిగ్రీలు దాటి పైకి వస్తుంది. ఐరోపాలో చాలామందికి అది కనిపించనే కనిపించదు.

పరికరం బలం ఎంత?

ముందు కటకం లేదా అద్దం వెడల్పే బలం. 70 మిల్లీమీటర్ల టెలిస్కోపు చీకట్లో బాగా విప్పారిన కంటిపాప కన్నా దాదాపు 100 రెట్లు కాంతిని పోగుచేస్తుంది. పెద్దగా చూపించే శక్తికి హద్దు, ఆ వెడల్పు మిల్లీమీటర్లకు రెట్టింపు. అంటే 70కి 140 రెట్లు. డబ్బా మీద 500, 600 రెట్లు అని రాసినా అంత పెంచితే బొమ్మ మసకబారుతుంది. రంగుల ఫొటోలు కెమెరా చాలాసేపు కాంతిని పోగుచేసి తీసినవి. కంటికి నెబ్యులా బూడిద రంగు పొగలాగే కనిపిస్తుంది. ఈ మాట పిల్లలకు ముందే చెప్పేస్తే సగం నిరాశ తప్పుతుంది.

ఏ కాలంలో ఏమిటి?

డిసెంబరు, జనవరి: కృత్తికలు, పల్లెల్లో పిల్లలకోడి, ఉర్దూలో సురయ్యా. రాత్రి 9 గంటలకు దాదాపు నడినెత్తిన ఉంటాయి. తక్కువ శక్తి ఐపీస్‌తోనే చూడాలి, ఎక్కువైతే గుంపు చూపులో పట్టదు.

జనవరి, ఫిబ్రవరి: ఒరాయన్ నెబ్యులా. వేటగాడి నడుములోని మూడు చుక్కల కింద కనిపిస్తుంది. నగర వెలుగును కూడా తట్టుకునే నెబ్యులా ఇదే.

మే: ఒమేగా సెంటారి. రాత్రి 9, 10 గంటల మధ్య దక్షిణాన 26 డిగ్రీల ఎత్తులో ఉండే భారీ నక్షత్ర గుచ్ఛం. అందులో కోటి దాకా నక్షత్రాలున్నాయని అంచనా. రంజాన్ ఫిబ్రవరిలో వచ్చే ఏళ్లలో సహరీకి లేచినవారికి తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో ఇదే దక్షిణాన కనిపిస్తుంది. మొదటి పది రోజుల్లో అప్పటికి చంద్రుడు కూడా అస్తమించి ఉంటాడు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం. మబ్బు విడిచిన రాత్రి చంద్రుడితో సరిపెట్టుకోవాలి.

అక్టోబరు, నవంబరు: ఆల్బిరియో అనే జంట చుక్క. ఒకటి పసుపు, ఒకటి నీలం. వెన్నెల ఉన్నా కనిపిస్తుంది.

గ్రహాలు ఏటా చోటు మారుస్తాయి. స్టెల్లేరియం లాంటి యాప్‌లో ఆ వారం ఎక్కడున్నాయో చూసుకోవచ్చు. గురుడి నాలుగు చంద్రులు చిన్న టెలిస్కోపులోనూ కనిపిస్తాయి. 1610లో గెలీలియో చూసినవి అవే. శని వలయాలు 2025 మార్చిలో అంచు మాత్రమే మనవైపు తిరిగి దాదాపు మాయమయ్యాయి. ఆ తర్వాత కొన్నేళ్లపాటు మెల్లగా విచ్చుకుంటూ వస్తాయి.

ఆండ్రోమెడా గెలాక్సీని మాత్రం మొదటి నెలల్లో జాబితాలో పెట్టకపోవడం మంచిది. క్రీ.శ. 964 ప్రాంతంలో అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ తన నక్షత్ర గ్రంథంలో దాన్ని చిన్న మేఘంగా నమోదు చేశారు. ఆయనకు కటకం లేదు, కానీ చీకటి ఆకాశం ఉంది. మంగళగిరి డాబా మీద కటకం ఉంటుంది, ఆ చీకటి ఉండదు. దానికోసం ఊరి వెలుగు దాటి పత్తి, మిర్చి చేల వైపు వెళ్లాల్సిందే.

ఒక రాత్రికి మూడు వస్తువులు చాలు: ఒకటి తేలిగ్గా దొరికేది, ఒకటి ఆ కాలానిది, ఒకటి కాస్త కష్టమైనది. ఫోన్ పక్కన పెట్టి 20 నిమిషాలు కళ్లను చీకటికి అలవాటు చేసుకోవాలి. చూసింది నోటుబుక్కులో పెన్సిల్‌తో గీసి, తేదీ వేసుకోవాలి. దొరకనిదాన్ని కూడా రాసి పెట్టుకుంటే వచ్చే నెల చీకటి రాత్రుల్లో ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.