మతిమరుపుగల పెద్దలకు ఇంటిలో రక్తపోటు కొలుచుట



వృద్ధులగు అత్తమామలకును, తల్లిదండ్రులకును జరుగు సేవ మన యిండ్లలో చాలవరకు స్త్రీల చేతిమీదుగనే జరుగుచున్నది. వేళకు మందిచ్చుట, పథ్యము చూచుటతోపాటు ఇప్పుడు రక్తపోటు కొలుచు యంత్రముకూడ మన చేతికి వచ్చినది. చేతికి పట్టీ చుట్టి కొలుచు పద్ధతిని ఇటలీ వైద్యుడు రివారోచి 1896లో వెల్లడించెను. ఆ పట్టీక్రింద నాడీధ్వనులను విని నిర్ణయించుటను రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ 1905లో నేర్పెను. నేటి యంత్రము మీట నొక్కినంతనే అంకెలు చూపును. అయినను మతిమరుపు వ్యాధిగలవారి విషయమున కొలుచువారి ఓర్పే ముఖ్యము.

జ్ఞాపకము చెడినవారికి నిన్న చూచిన పట్టీయే నేడు క్రొత్తదిగ తోచును. అది బిగియగనే తమ్మెవరో కట్టివేయుచున్నారని బెదరుదురు, చేయి లాగికొందురు. అప్పుడు వచ్చు అంకె సహజమైనదానికంటె హెచ్చుగ నుండవచ్చును. దానిని నమ్మి మందు హెచ్చించినచో పోటు మితిమీరి తగ్గి, వారు లేచునప్పుడు తల తిరిగి పడుదురేమో! ఆ వయస్సున తుంటియెముక విరిగినచో మరల మంచము దిగుట కష్టము. కావున భయపడుచుండగా కొలిచిన అంకెను లెక్కలోనికి తీసికొనరాదు.

కొలుచుటకు అరగంట ముందునుండి కాఫీ, పొగాకు పనికిరావు. మూత్రవిసర్జనమైన పిమ్మట వీపునకు ఆనుడుగల కుర్చీలో కూర్చుండబెట్టి, పాదములు నేల కానించి, ఐదు నిమిషములు విశ్రాంతి నీయవలెను. చేతిని బల్లమీద గుండె యెత్తున నుంచి, బట్ట తొలగించి, మోచేతికి పైన పట్టీ చుట్టవలెను. పట్టీ ఇరుకైనచో అంకె హెచ్చును. మణికట్టు యంత్రములకంటె జబ్బకు కట్టునవే నమ్మదగినవి.

ప్రతిదినము ఒకే కుర్చీ, ఒకే వేళ, ఒకే మనిషి యుండుట మేలు. పట్టీని ముందుగ వారి చేతికిచ్చి తాకనీయుడు. “అత్తయ్యా, చేయి కొంచెము బిగియును, వెంటనే వదలును” అని ప్రతిసారియు క్రొత్తగ చెప్పినట్లే చెప్పుడు. కొలుచునంతసేపు మాటలాడింపక రెండవ చేయి పట్టుకొని కూర్చుండుడు. వలదన్నచో బలవంతము చేయక కొంతసేపటికి మరల అడుగుడు.

వైద్యుని చూడబోవుటకు ముందు ఏడు దినములు, ఉదయము మందు వేయకమునుపును, సాయంకాలము భోజనమునకు మునుపును, నిమిషము ఎడముగ రెండేసిసార్లు కొలిచి వ్రాసియుంచవలెను. మొదటి దినపు అంకెలు విడిచి తక్కినవాని సగటు చూతురు. ఇంటి సగటు 135/85 దాటినచో హెచ్చని సాధారణముగ నెంతురు. మిక్కిలి వృద్ధులకు ఎంత తగ్గింపవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను. మందు మోతాదును మనము మార్చరాదు. అంకెల ప్రక్కన “నిద్రలేదు”, “చిరాకుగ నుండిరి” అని ఒక మాట చేర్చినచో వైద్యునికి మిక్కిలి ఉపకరించును.

నిలువగలవారిని పట్టుకొని నిలిపి, ఒక నిమిషమునకును మూడు నిమిషములకును మరల కొలువుడు. పై అంకె 20 గాని, క్రింది అంకె 10 గాని, అంతకు మించి గాని తగ్గినచో వైద్యునికి తెలుపవలెను. తల తిరుగుచున్నదని వారు చెప్పలేకపోవచ్చును. తూలుట, గోడ పట్టుకొనుట మనమే కనిపెట్టవలెను.

అంకె 180/120 దాటినచో వారిని శాంతపరచి, కొన్ని నిమిషము లాగి మరల కొలువుడు. అప్పటికిని తగ్గనిచో నాడే వైద్యునికి తెలుపుడు. ఛాతీనొప్పి, ఆయాసము, మూతి వంకరపోవుట, కాలుసేతులు పట్టుదప్పుట, మాట తడబడుట కానవచ్చినచో అంకె యెంతయున్నను వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

ఇంకొకమాట. నడివయస్సున హెచ్చు రక్తపోటు వార్ధక్యమున మతిమరుపు కలుగుటకు ఒక హేతువని వైద్యులు కనుగొనియున్నారు. ఇంటిల్లిపాది ఆరోగ్యము చూచు గృహిణి తన దేహమును మరచుట మనకు వాడుక. యంత్రమును పెట్టెలో దాచుటకు ముందు ఆ పట్టీని మీ చేతికిని ఒకసారి చుట్టుకొనుడు.