ఆగగలిగితేనే వేగం

ఏడాదికి రెండు మూడుసార్లు రేస్ ట్రాక్ ఎక్కాలనుకునే సొంత కారు యజమానులు ముందుగా చూసుకోవలసింది ఇంజన్ కాదు, బ్రేకులు. దానికి లక్షలు అక్కర్లేదు, కొంచెం లెక్క తెలిస్తే చాలు.

సొంత కారును చట్టానికి భయపడకుండా పూర్తి వేగంతో పరిగెత్తించాలనుకునే వారికి మన దేశంలో ఉన్న చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చెన్నైకి చేరువలో, శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990లో మొదలైన 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఒకటి. కోయంబత్తూరు శివార్లలో దివంగత రేసర్, కార్ల రూపకర్త ఎస్.కరివర్ధన్ పేరు పెట్టిన కరి మోటార్ స్పీడ్‌వే రెండోది. 2011 నుంచి 2013 దాకా మూడుసార్లు ఫార్ములా వన్‌కు ఆతిథ్యమిచ్చిన గ్రేటర్ నోయిడాలోని 5.1 కిలోమీటర్ల బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ మరొకటి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ తీరాన ఫార్ములా ఈ పోటీ జరిగినా అది వీధి ట్రాక్. రేసు ముగిశాక ఆ దారులు మళ్లీ మామూలు ట్రాఫిక్‌కే దక్కాయి. కాబట్టి తెలుగు రాష్ట్రాల్లోని వేగప్రియులకు ఇప్పటికీ చెన్నై దారే ప్రధాన దిక్కు. హైదరాబాద్ నుంచయితే 600 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం.

ఈ ట్రాక్‌లను పోటీలు లేని రోజుల్లో రుసుము తీసుకుని మామూలు కార్లకు తెరుస్తారు. అదే ట్రాక్ డే. అక్కడ గెలుపూ ఓటమీ ఉండవు. హెల్మెట్ పెట్టుకుని, విడతకు పదిహేను, ఇరవై నిమిషాల చొప్పున తిరిగి రావడమే. వచ్చేవి ఎక్కువగా స్విఫ్ట్, పోలో, ఐ20 వంటి రోజువారీ కార్లే. వారమంతా ఆఫీసుకూ బడికీ తిరిగిన కారే ఆ రోజు ట్రాక్ ఎక్కుతుంది. సాయంత్రానికి అదే కారులో ఇంటికి చేరాలి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. నాలుగో రౌండ్‌లోనో అయిదో రౌండ్‌లోనో చేతులెత్తేసేది సాధారణంగా ఇంజన్ కాదు, బ్రేకులే.

మూడు లీటర్ల నీళ్లు మరిగే వేడి

బ్రేకు చేసే పని నిజానికి ఒక్కటే, వేగాన్ని వేడిగా మార్చడం. వేగం రెట్టింపయితే అణచవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. నడిపే మనిషితో కలిపి 1,100 కిలోలుండే చిన్న కారును 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే సుమారు 153 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. అదే కారు ట్రాక్ మీద 160 కిలోమీటర్ల వేగంతో వచ్చి, మలుపు కోసం 60కి తగ్గితే పుట్టే వేడి 930 కిలోజౌళ్ల పైమాటే. మూడు లీటర్ల కుళాయి నీళ్లను మరిగే స్థితికి తెచ్చేంత వేడి అది. గ్యాస్ పొయ్యికి ఆ పని చేయడానికి చాలా నిమిషాలు పడుతుంది. బ్రేకులు మూడు నాలుగు సెకన్లలో ఆ వేడినంతా మింగాలి.

బ్రేకు వేయగానే కారు బరువు ముందుకు ఒరుగుతుంది. అందుకే పనిలో దాదాపు 70 శాతం ముందు చక్రాలదే. ఒక్కో డిస్కు అయిదు కిలోలనుకుంటే, ఒక్క బ్రేకుకే దాని ఉష్ణోగ్రత సుమారు 140 డిగ్రీలు పెరుగుతుంది. అది చల్లారేలోపే తరువాతి మలుపు వస్తుంది. ఊళ్లో సిగ్నల్‌కూ సిగ్నల్‌కూ మధ్య దొరికే విరామం ట్రాక్ మీద దొరకదు. బుద్ధ్ సర్క్యూట్ లాంటి చోట కిలోమీటరుకు మించిన స్ట్రెయిట్ చివర గట్టిగా బ్రేకు వేయక తప్పదు. తిరుమల ఘాట్ దిగేటప్పుడు చక్రాల దగ్గర మాడు వాసన వస్తే డ్రైవర్లు గేరు తగ్గించి, బ్రేకును విడిచి విడిచి వేస్తారు. ట్రాక్ మీద జరిగేదీ అదే, కాకపోతే కొన్ని నిమిషాల్లోనే జరిగిపోతుంది.

ఎవరు అలసిపోయారు?

వేడెక్కిన బ్రేకులు రెండు రకాలుగా మొండికేస్తాయి. మొదటిది ప్యాడ్ల అలసట. మామూలు ప్యాడ్లను ఊళ్లో వాడకానికి తగినట్టు, చప్పుడు లేకుండా, డిస్కును ఎక్కువగా అరగదీయకుండా ఉండేలా తయారుచేస్తారు. అవి తట్టుకోగల వేడి దాటగానే వాటిలోని జిగురు పదార్థం ఆవిరై వాయువులు వెలువడతాయి, పట్టు సడలుతుంది. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది. కాలు బలంకొద్దీ తొక్కినా కారు మాత్రం ఆగదు.

రెండోది ఇంకా ప్రమాదకరం. ప్యాడ్ల వేడి కాలిపర్ గుండా పాకి బ్రేక్ ఆయిల్‌ను మరిగిస్తుంది. ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు, అందుకే కాలి ఒత్తిడి చక్రం దాకా చేరుతుంది. ఆవిరి బుడగలు అలా కాదు, నొక్కితే నలిగిపోతాయి. పెడల్ మెత్తగా, ఒక్కసారిగా నేల దాకా దిగిపోతుంది. చక్రం దగ్గర ఏమీ జరగదు. ఈ తేడా తెలిసిన డ్రైవర్ ఏం మార్చాలో తానే చెప్పగలడు. పెడల్ గట్టిగా ఉండి కారు ఆగకపోతే లోపం ప్యాడ్లది. పెడల్ మెత్తబడితే లోపం ఆయిల్‌ది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. చాలా కార్లలో వాడే డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3కి ఈ అంకెలు 205, 140. చెన్నై, విశాఖ, కాకినాడ వంటి తేమ ఊళ్లలో ఏళ్ల తరబడి మార్చని ఆయిల్‌తో ట్రాక్ ఎక్కితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. చూడడానికి డబ్బాలో మట్టం సరిగ్గానే ఉంటుంది. అదే మోసం.

ముందు వేలు, తరువాతే లక్షలు

అందుకే మొదటి ఖర్చు అన్నిటికన్నా చిన్నది. పాత ఆయిల్ పూర్తిగా తీసేసి, నాలుగు చక్రాల దగ్గరా గాలి బుడగలు పోయేదాకా కొత్తది ఎక్కించడం. మంచి డాట్ 4 గానీ, డాట్ 5.1 గానీ చాలామందికి సరిపోతుంది. 300 డిగ్రీలు దాటినా మరగని రేసింగ్ ఆయిళ్లు కూడా దొరుకుతాయి. వాటిని ఇంకా తరచుగా మార్చుకోవాలి. పేరు దగ్గరగా ఉంది కదా అని డాట్ 5 పోయకూడదు. అది సిలికాన్ ఆయిల్, మిగతావాటితో కలవదు.

రెండోది ప్యాడ్లు. రోడ్డుకూ ట్రాక్‌కూ మధ్యస్థంగా ఉండే రకాలు మామూలు ప్యాడ్లకన్నా ఎక్కువ వేడిని తట్టుకుంటూనే, చల్లగా ఉన్నప్పుడూ పట్టు ఇస్తాయి. ప్యాడ్ మందం సగానికి తగ్గితే ట్రాక్‌కు పనికిరాదు. పలచబడిన ప్యాడ్ వేడిని ఆపలేదు, నేరుగా ఆయిల్‌కు చేరవేస్తుంది. కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే రేసుకు దిగడమూ తప్పే. ఖాళీ రోడ్డు మీద మధ్యస్థ వేగం నుంచి పదే పదే, పూర్తిగా ఆపకుండా బ్రేకు వేసి, ఆ తరువాత చల్లారనివ్వాలి. అప్పుడే ప్యాడ్ పదార్థం డిస్కు మీద పలుచటి పొరగా, సమంగా పరుచుకుంటుంది. ఆ పొర ఎగుడుదిగుడుగా పడితే స్టీరింగ్ అదురుతుంది. డిస్కు వంగిపోయిందని గ్యారేజీల్లో చెప్పే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

మూడోది రబ్బరు గొట్టాల స్థానంలో ఉక్కు తీగల అల్లికతో వచ్చే గొట్టాలు. వీటితో కారు ఆగే దూరం తగ్గదు. ఒత్తిడికి గొట్టం ఉబ్బదు కనుక పెడల్ గట్టిగా, నమ్మకంగా అనిపిస్తుంది. పాతబడి పగుళ్లిచ్చిన రబ్బరు గొట్టాలుంటే మాత్రం వాటిని మార్చడం సోకు కాదు, అవసరం.

ఈ మూడూ చేసి, డిస్కుల మందం సరిచూసుకుంటే ఏడాదికి రెండు మూడు ట్రాక్ డేలకు చాలా చిన్న కార్లు సిద్ధమైనట్టే.

పెద్ద డిస్కు మోజు

అయినా చాలామంది మనసు చక్రాల సందుల్లోంచి కనబడే ఎర్రటి కాలిపర్ల మీదికే పోతుంది. లక్ష దాటే ఆ కిట్లు బిగిస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుందన్నది బలంగా పాతుకుపోయిన అపోహ. చివరికి కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టే. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు తప్పనిసరైన ఏబీఎస్, పెడల్ తొక్కినప్పుడు టకటకలాడిందంటే అర్థం, బ్రేకులు ఇవ్వగల శక్తి టైరు పట్టును ఇప్పటికే దాటిందని. అక్కడ పెద్ద కాలిపర్ చేసేదేమీ లేదు. మంచి టైర్లే దూరాన్ని తగ్గిస్తాయి. పెద్ద డిస్కు వల్ల లాభం మరోచోట ఉంది. దానికి వేడిని దాచుకునే, వదిలించుకునే సత్తా ఎక్కువ. మొదటి బ్రేకు ఎలా పడిందో పదో బ్రేకూ అలాగే పడుతుంది. ఎక్కువ శక్తి ఉన్న బరువైన కార్లకూ, తరచుగా ట్రాక్ ఎక్కేవారికీ అది అవసరమే.

కానీ దాని వెంట చిక్కులూ వస్తాయి. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ములే. ముందు మాత్రమే భారీ బ్రేకులు బిగిస్తే తయారీదారు కుదిర్చిన ముందువెనకల సమతూకం చెడుతుంది. ముందు టైర్లు తొందరగా హద్దు చేరతాయి, వెనక బ్రేకులు తమ వంతు పని చేయవు, ఆగే దూరం తగ్గకపోగా పెరగొచ్చు. కాలిపర్ పిస్టన్లు పెద్దవైతే పెడల్ మరింత లోతుకు దిగుతుంది. పాత 14 అంగుళాల చక్రం పెద్ద డిస్కు మీద పట్టకపోవచ్చు. ఇక రంధ్రాలు పొడిచిన డిస్కులు చూడ్డానికి బాగుంటాయి, కానీ పదే పదే కాగి చల్లారితే ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. గాట్లు పెట్టినవో, లోపల గాలి దారులున్న సాదా డిస్కులో మేలు.

చల్లటి బ్రేకుల ప్రమాదం

అసలు రేసింగ్ ప్యాడ్లు వేసుకుంటే గొడవ వదిలిపోతుంది కదా అనిపించవచ్చు. ఆ ప్యాడ్లు బాగా వేడెక్కాకే పూర్తిగా పట్టుకుంటాయి. ఉదయం ఇంటి గేటు దాటగానే సందులోంచి బైకు అడ్డొస్తే అవి ఇంకా నిద్రమత్తులోనే ఉంటాయి. చప్పుడు చేస్తాయి, డిస్కును కొరికేస్తాయి. 2022లో దేశం రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. ఏడాదిలో రెండు రోజుల ట్రాక్ సరదా కోసం మిగతా 363 రోజుల బ్రేకులను బలహీనం చేసుకోవడం ఏ లెక్కనా లాభసాటి కాదు. రేసింగ్ ప్యాడ్లే కావాలనుకునేవారు వాటిని ట్రాక్ దగ్గర బిగించుకుని, బయల్దేరే ముందు పాతవి తిరిగి వేసుకోవాలి. తిరుగు ప్రయాణం జాతీయ రహదారి మీద, రాత్రిపూట, లారీల మధ్య సాగుతుందన్నది మరవకూడదు.

ట్రాక్ మీద కొన్ని అలవాట్లు విడిభాగాలకన్నా విలువైనవి. మలుపుకు చాలా ముందు నుంచి బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే వేడి పేరుకుంటుంది. సూటిగా ఉన్నప్పుడే గట్టిగా తొక్కి వదిలేయడం మేలు. ప్రతి విడతలో చివరి రౌండును బ్రేకులు దాదాపు వాడకుండా నెమ్మదిగా తిప్పి గాలికి చల్లారనివ్వాలి. కారు ఆపాక హ్యాండ్ బ్రేకు లాగకూడదు. వేడి మీద ప్యాడ్లూ, డ్రమ్ములోని షూలూ ఒకేచోట అంటుకుపోతాయి. గేరులో ఉంచి, చక్రం కింద ఇటుకో రాయో పెడితే చాలు. ఇంటికి బయల్దేరే ముందు ప్యాడ్ల మందం, ఆయిల్ మట్టం, గొట్టాలు, చక్రాల నట్లు చూసుకోవాలి. పెడల్ ఏమాత్రం మెత్తగా అనిపించినా ఆయిల్ మార్చాకే రోడ్డెక్కాలి. ఒకసారి మరిగిన ఆయిల్‌ను చల్లారింది కదా అని నమ్మకూడదు.

చట్టం చూపు

కాగితాల సంగతీ ఉంది. సాధారణ మోటార్ బీమా పాలసీల షరతుల్లో రేసింగ్, వేగ పరీక్షలు మినహాయింపుల కిందికి వస్తాయి. ట్రాక్ మీద జరిగిన నష్టానికి పరిహారం వస్తుందని లెక్కవేసుకోకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. ప్యాడ్లు, ఆయిల్ వంటి అరిగే సరుకును నాణ్యమైనదానితో మార్చుకోవడం మామూలు నిర్వహణే. బ్రేకుల నిర్మాణాన్నే మార్చదలచినవారు మాత్రం ముందుగా రవాణా అధికారులనూ, బీమా సంస్థనూ సంప్రదించడం మంచిది. అనుమతి లేకుండా బహిరంగ రోడ్ల మీద పందేలు ఆడితే 189వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు. మళ్లీ దొరికితే శిక్ష ఏడాది దాకా, జరిమానా 10,000 దాకా పెరుగుతుంది.

వేగం మోజును అర్ధరాత్రి అవుటర్ రింగ్ రోడ్డు మీద తీర్చుకునేవారికన్నా, రుసుము కట్టి, హెల్మెట్ పెట్టుకుని, అంబులెన్స్ సిద్ధంగా ఉన్న ట్రాక్ మీద తీర్చుకునేవారు వెయ్యి రెట్లు నయం. తమ కారు ఎంత వేగంగా పోగలదో అక్కడికి వెళ్లినవాళ్లందరికీ ఒక్క రౌండ్‌లో తెలిసిపోతుంది. అది ఎన్నిసార్లు ఆగగలదన్నది మాత్రం ఇంటి దగ్గరే, ఒక కొత్త ఆయిల్ డబ్బాతో, ఒక జత ప్యాడ్లతో నిర్ణయమైపోతుంది.