ఉక్కును గట్టిపరచు వేడిమి
కమ్మరి ఎర్రగ కాల్చి నీట ముంచి గట్టిపరచిన ఉలిని మరల కాల్చినచో మెత్తబడునని మనమెరుగుదుము. మన మామిడిపల్లికి అంత దూరము కాని కంచన్‌బాగ్‌లో, 1973లో స్థాపితమైన మిశ్ర ధాతు నిగమ్ తయారుచేయు మారేజింగ్ ఉక్కు నడత ఇందుకు విరుద్ధము. ఈ వైపరీత్యమే మమ్ములను ఆకర్షించినది.

ఇందు నికెలు నూటికి సుమారు 18 పాళ్ళు, కర్బనము అత్యల్పము. సుమారు 820 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద దీని పరమాణువులు ఘనాకృతి మూలలందును, ముఖముల నడుమను అమరియుండును. ఇది ఆస్టెనైట్. చల్లారగా ముఖములను విడిచి ఘనము నడుమకు చేరును. ఇది మార్టెన్‌సైట్, కర్బనము లేమిచే కోతకు లొంగునంత మెత్తన.

పిదప 480 డిగ్రీల వద్ద కొన్ని గంటలుంచినచో నికెలు, మాలిబ్డినము, టైటానియములు కూడి, కంటికి కానరాని కణములై, స్ఫటికములందలి పొరలను జారనీయవు. పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటి దశ మోటారు కవచము ఈ ఉక్కుదే. వేడిమి హద్దు మీరెనా, కణములు బలిసి, కొంత లోహము తిరిగి ఆస్టెనైట్‌గా మారి, వచ్చిన బలము పోవును.