గడ్డినేలల సంరక్షణ: ఒక వృత్తి పరిచయం

ఊరి చివర చెట్లులేని గడ్డినేల కనిపిస్తే "ఖాళీగా పడి ఉంది" అంటాం. రికార్డుల్లో కూడా అలాంటి నేలలను చాలాచోట్ల బంజరు అనే రాశారు. కాని అది ఖాళీ నేల కాదు. గొర్రెలకు మేత అక్కడే దొరుకుతుంది. కృష్ణజింకలు, తోడేళ్లు, నేలమీద గుడ్లు పెట్టే పక్షులు అక్కడే బ్రతుకుతాయి. ఇలాంటి నేలను కాపాడే కార్యక్రమాలను నడిపించడమే వృత్తిగా చేసుకొన్నవారు ఉన్నారు. వారి పని ఏమిటో ఒక ఉదాహరణతో తెలుసుకొందాం.

రోళ్లపాడు నేర్పిన పాఠం

పూర్వపు కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, రోళ్లపాడు అభయారణ్యం ఉంది. పేరుకు అరణ్యమేగాని అక్కడ ఎక్కువగా ఉండేది గడ్డి. విస్తీర్ణం సుమారు 6 చదరపు కిలోమీటర్లు. బట్టమేక పక్షిని కాపాడటం కోసం దీన్ని 1988లో ఏర్పాటు చేశారు. ఈ పక్షి సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది, అదీ నేలమీద. దానిమీద పశువు కాలు పడితే ఒక పిల్ల పోయినట్లే.

కంచెలోపల గడ్డి పెరిగింది. కాని పక్షికి కంచె హద్దు కాదు కదా! అది చుట్టుపక్కల మెట్ట పొలాల్లో కూడా పురుగులు, గింజలు ఏరుకొని తింటుంది. ఆ ప్రాంతానికి సాగునీరు రావడంతో పంటలు మారాయి. క్రమంగా పక్షులు తగ్గిపోయాయి. ఇప్పుడక్కడ బట్టమేక కనిపించడమే అరుదు. కనుక కంచె వేసినంత మాత్రాన సంరక్షణ పూర్తికాదని గ్రహించాలి.

నిర్వాహకులు చేసే పనులు

1. ఏయే గడ్డి పెరుగుతోంది, ఎన్ని పక్షులు, జంతువులు ఉన్నాయి అని కాలానుగుణంగా లెక్కించడం.

2. మేతను క్రమబద్ధం చేయడం. మేత మితిమీరితే నేల బోడి అవుతుంది. పూర్తిగా ఆపితే గడ్డి ఏపుగా పెరిగి, పొట్టిగడ్డి కావలసిన ప్రాణులకు చోటుండదు.

3. సర్కారు తుమ్మ వంటి మొక్కలు గడ్డిని కమ్మేయకుండా తొలగించడం. ప్రతిచోటా చెట్లు నాటడమే మేలు అనుకోకూడదు.

4. పక్షులు గుడ్లు పెట్టే కాలంలో మందలు ఎటు వెళ్లాలో కాపరులతో, మెట్ట పంటల గురించి రైతులతో మాట్లాడి ఒప్పందానికి రావడం.

5. ఖర్చుల లెక్కలు, నివేదికలు తయారుచేయడం.

ఎవరికి తగిన వృత్తి?

ఎండలో నడిచే ఓపిక, చూసింది చూసినట్లు రాసుకొనే అలవాటు, ఎదుటివారి మాట వినే గుణం ఉన్నవారికి ఈ పని నచ్చుతుంది. ఏ వానకు ఏ గడ్డి మొలుస్తుందో కాపరికి తెలుసు. అది వినకుండా వేసిన పథకం నిలబడదు.

నిర్వాహకులు సాధారణంగా జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, అటవీశాస్త్రం వంటి విషయాల్లో డిగ్రీ, పీజీ చేసినవారై ఉంటారు. డెహ్రాడూన్‌లోని భారతీయ వన్యప్రాణి సంస్థ ఇందుకు పేరుపొందిన విద్యాకేంద్రం. మీరు ఇప్పుడు చదువుతున్న చదువు ఆ దారిలో తొలి మెట్టు. మీరు గొర్రెలు కాచినవారైతే, మీ అనుభవం కూడా ఒక చదువే.

మీరు చేయండి

మీ ఊరి దగ్గరి గడ్డినేలకు వెళ్లండి. అక్కడ కనిపించే గడ్డి రకాలు, పక్షులు, మేసే పశువుల వివరాలు వారానికొకసారి చొప్పున నాలుగు వారాలు రాయండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. మేతను పూర్తిగా ఆపడం ఎందుకు మంచిది కాదు?

2. అభయారణ్యం ఉన్నా బట్టమేక పక్షులు ఎందుకు తగ్గాయి?