ఆ లడ్డూల రంగేమిటి?

ఎదురుగా పెళ్లివారి పిండివంటలు. ఘటోత్కచుడు నోరు తెరిస్తే చాలు... లడ్డూలు వాటంతటవే వెళ్లి నోట్లో పడతాయి! 'మాయాబజార్' చూసినవాళ్లెవరూ మరచిపోలేని దృశ్యమది. మరి ఆ లడ్డూలు ఏ రంగులో ఉన్నాయి?

నలుపు తెలుపు సినిమాలో రంగెక్కడిది అంటారా? విజయా సంస్థకు కె.వి.రెడ్డి 1957లో తీసినప్పుడు నిజంగానే లేదు. 2010 జనవరి 30న వచ్చింది. హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ కంప్యూటర్లతో రంగులద్ది, డీటీఎస్ శబ్దం జోడించి, వెడల్పాటి తెరకు మలిచి విడుదల చేసింది.

కృష్ణాతీరం వాళ్లకు ఈ సినిమా మరీ సొంతం. కృష్ణుడు ఎన్టీఆర్‌ది నిమ్మకూరు. అభిమన్యుడు అక్కినేనిది రామాపురం. ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు పుట్టింది నూజివీడులో. పాటలకు ప్రాణంపోసిన ఘంటసాలది చౌటపల్లి. ఇంతకీ ఇప్పుడు పిల్లలకు ఏది చూపించాలి? పాతదా, రంగులదా?

రంగుతో లాభం లేకపోలేదు. నలుపు తెలుపు బొమ్మ కనబడగానే పిల్లలు ఛానల్ మార్చేస్తారు. రంగులుంటే కాసేపు కూర్చుంటారు. నగలు, పట్టుబట్టలు, పెళ్లి హంగులు కళ్లకింపుగా ఉంటాయి. ఒకసారి కూర్చుంటే ఇక దిగుల్లేదు. గిల్పం, గింబళి చేసే అల్లరి, శకుని చేత నిజం కక్కించే సత్యపీఠం మిగతా పని చూసుకుంటాయి.

మరి పోయిందేమిటి? మొదటిది నిడివి. రంగుల ప్రతిలో కొంత భాగం కత్తెర పాలైంది. రెండోది వెన్నెల. పడవ పాటలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ కేవలం వెలుగునీడలతోనే పండు వెన్నెల కురిపించారు. రంగు పడ్డాక ఆ వెండి మెరుపు పలచబడింది.

అసలు మాయ రంగులో లేదు. మాయా శశిరేఖగా సావిత్రిని చూడండి. సుకుమారంగా నడుస్తూనే ఉంటుంది. ఉన్నట్టుండి ఆ చూపులో, ఆ విసురులో ఘటోత్కచుడు తొంగిచూస్తాడు. దానికి ఏ కంప్యూటరూ రంగు వేయనక్కర్లేదు.

ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్లకు కనిపిస్తుంది. నలుపు తెలుపు మాయాబజార్ కూడా అంతే. రంగులు ఎవరికి వాళ్లే వేసుకోవాలి. కాబట్టి మొదట రంగుల బొమ్మతో పిల్లల్ని కూర్చోబెట్టండి. మరో ఆదివారం పాతది పూర్తిగా చూపించండి. అయ్యాక అడగండి... లడ్డూలు ఏ రంగులో ఉన్నాయని!