గీజరులో థర్మోస్టాట్ మార్చవలసి వస్తే

మన హోసూరు, డెంకణికోట వైపు మార్గశిరం వచ్చిందంటే తెల్లవారుజామున చన్నీళ్లు ముట్టుకోలేం. పూర్వం స్నానాల గదిలో రాగి హండా, దాని కింద పొయ్యి ఉండేవి. నీళ్లు తగినంత కాగాయని చూసి కట్టె వెనక్కి లాగే పని అవ్వదో, అమ్మదో. ఇప్పుడు హండా పోయి గీజరు వచ్చింది గానీ, కట్టె లాగే పని మాత్రం పోలేదు. దాన్ని థర్మోస్టాట్ అనే చిన్న పరికరం చేస్తోంది.

మామూలు ట్యాంకు గీజరులో ఇది జానెడు పొడుగు కడ్డీలా ఉంటుంది. పైన ఇత్తడి గొట్టం, లోపల ఇన్వార్ అనే నికెలు, ఇనుముల మిశ్రమ లోహపు కడ్డీ. వేడికి ఇత్తడి సాగుతుంది, ఇన్వార్ దాదాపు సాగదు. ఆ తేడాయే పైనున్న స్విచ్చిని విడదీస్తుంది. నీళ్లు చల్లారితే మళ్లీ కలుపుతుంది. ఇన్వార్‌ను 1896లో కనిపెట్టిన గియోమ్ అనే శాస్త్రవేత్తకు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. వ్యాకోచం పాఠానికి మేము రైలు పట్టాల సందులే చెబుతాం. ఇంట్లోనే ఉన్న ఈ ఉదాహరణ మా పంతుళ్లకు గుర్తుకే రాదు!

2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. విడిపోయిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ లేచి, ఏళ్లు గడిచేసరికి స్విచ్చి మొనలు కాలిపోతాయి. అప్పుడు అవి కలవకపోతే నీళ్లు కాగవు. అది ఇబ్బందే తప్ప ప్రమాదం కాదు. అతుక్కుపోయి విడిపోకపోతేనే ప్రమాదం. ఎర్ర దీపం ఎంతసేపటికీ ఆరదు, కొళాయి తిప్పితే ఆవిరి బుసకొడుతుంది. అలా కనిపిస్తే వెంటనే కరెంటు ఆపేయండి.

దీనికి తోడు కటౌట్ అనే రెండో కాపలాదారు, ఒత్తిడి పెరిగితే వదిలేసే సేఫ్టీ వాల్వు ఉంటాయి. కటౌట్ మాటిమాటికీ పడిపోతుంటే కొందరు మెకానిక్కులు 'డైరెక్టు ఇచ్చేస్తాం' అని వైర్లు రెండూ కలిపేస్తారు. మా వీధిలో ఒక ఇంట్లో అలాగే చేసి వెళ్లారు. దయచేసి ఒప్పుకోకండి. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 1,600 లీటర్ల చోటు అడుగుతుంది. మూసిన ట్యాంకులో ఆ చోటు ఎక్కడిది? థర్మోస్టాట్ ఖరీదు గీజరు ఖరీదులో చిన్న వంతు కూడా కాదు.

మార్చే పని తెలిసినవారి చేతనే చేయించండి, కానీ పక్కన నిలబడి చూడండి. గోడ స్విచ్చి ఆపితే చాలదు, మెయిన్ దగ్గర ఎం.సి.బి. దించాలి. టెస్టరుతో కరెంటు లేదని చూశాకే మూత విప్పాలి. ఏ వైరు ఎక్కడుందో ముందే ఫోటో తీసుకుంటే మేలు. చాలా గీజర్లలో కడ్డీ వేరే గొట్టంలో పొడిగా ఉంటుంది కాబట్టి ట్యాంకు ఖాళీ చేయనక్కరలేదు. పాతదాన్ని దుకాణానికి తీసుకెళ్లండి. 7 అంగుళాలవి, 11 అంగుళాలవి రెండూ దొరుకుతాయి. పొడుగు, ఆంపియర్లు రెండూ సరిపోవాలి. బిగించేటప్పుడు స్క్రూలు వదులుగా ఉంటే అక్కడే వేడెక్కి వైరు కాలుతుంది. ఎర్తు వైరు ట్యాంకుకు గట్టిగా తగిలి ఉండాలి, దాన్ని తీసేయనివ్వకండి.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంకొక మాట. కాగే కాయిలు మీద, కడ్డీ గొట్టం మీద తెల్లటి సున్నం పొర కడుతుంది. అందుకే కడ్డీకి నీటి వేడి ఆలస్యంగా తెలుస్తుంది. ఆ పొర గీకించకుండా కొత్త థర్మోస్టాట్ ఒక్కటే వేయించితే అదీ త్వరగానే పాడవుతుంది.

పని అయ్యాక ముందు వేడినీళ్ల కొళాయి తిప్పి, ధారగా నీళ్లు వచ్చాకే కరెంటు వేయండి. ఖాళీ ట్యాంకులో కాయిలు నిమిషాల్లో మాడిపోతుంది. 60 డిగ్రీల దగ్గర పెట్టండి. ఆ వేడికి పసిపిల్లల చర్మం క్షణాల్లో కాలుతుంది కాబట్టి బకెట్టులో ముందు చన్నీళ్లే పట్టండి. 15 లీటర్ల గీజరైతే 20, 25 నిమిషాల్లో దీపం ఆరాలి. మొదటిసారి అది ఆరేదాకా ఇంట్లో ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండండి.