మోటారు మార్చక ముందు బిగింపు చూడండి!

ఓడలరేవు: పడవ పరుగెత్తడం లేదంటే మన రేవుల్లో మొదట వినిపించే మాట "ఇంకా పెద్ద మోటారు తగిలించాలి" అని. అప్పో సప్పో చేసి పెద్ద మోటారు కొంటారు. నాలుగు రోజులు పోయాక చూస్తే వేగం పెద్దగా పెరగదు, పెట్రోలు ఖర్చు మాత్రం పెరుగుతుంది. చాలా పడవల్లో లోపం మోటారులో ఉండదు. దాన్ని బిగించిన తీరులో, బరువు సర్దిన తీరులో, పంకాలో ఉంటుంది. వీటిని సరిచేసుకోవడానికి అయ్యే ఖర్చు బహు తక్కువ.

నీటిని చీల్చుకుంటూ పోయే నాటు పడవ వేగానికి దాని పొడవే హద్దు. పాతిక అడుగుల పడవ గంటకు సుమారు 12 కిలోమీటర్ల వేగం అందుకున్నాక ఎంత శక్తి పెట్టినా అది పెద్ద అల లేపడానికే పోతుంది. పైగా పెద్ద మోటారు బరువుకు పడవ వెనక భాగం కిందికి కుంగుతుంది. తేలికపాటి ఫైబర్ బోటు మాత్రమే నీటి మీదికి లేచి జారగలదు. అదీ బరువు సరిగా ఉంటేనే.

ఎత్తు ఎంత ఉండాలి?

వెనక తగిలించే మోటారులో పంకాకు కాస్త పైన అడ్డంగా ఒక రేకు ఉంటుంది. అది పడవ అడుగు భాగంతో దాదాపు సమానంగా ఉండాలి. బాగా కిందికి దిగితే మోటారు కాలు నీటికి అడ్డుపడి పడవను వెనక్కి లాగుతుంది. బాగా పైకి ఉంటే పంకా గాలిని పీల్చుకుంటుంది. అప్పుడు ఇంజను గోల పెడుతుందే గాని పడవ కదలదు, తిప్పినా తిరగదు. మోటారు కింద చెక్క ముక్క పెట్టి అర అంగుళం చొప్పున ఎత్తు మార్చి చూసుకోవచ్చు. మొగ దాటి సముద్రంలోకి వెళ్లే పడవలకు రేకు కాస్త కిందికే ఉండటం మంచిది. లేకుంటే అల ఎత్తినప్పుడల్లా పంకా పైకి తేలిపోతుంది. మార్చిన ప్రతిసారీ మరలు గట్టిగా బిగించి, మోటారుకు గొలుసో తాడో కట్టడం మరవకూడదు.

వాలు పిన్ను సంగతి

మోటారును పడవకు దగ్గరగా, దూరంగా వాల్చడానికి బ్రాకెట్టులో రంధ్రాలు, వాటిలో ఒక పిన్ను ఉంటాయి. మోటారు మరీ లోపలికి వాలితే పడవ ముక్కు నీటిలోకి దిగుతుంది. వెనక నుంచి అలలు తరుముతున్నప్పుడు ఇది ప్రమాదం. ముక్కు గుచ్చుకుని పడవ పక్కకు తిరిగిపోతుంది. మరీ బయటికి వాలితే ముక్కు లేచి దబదబా కొట్టుకుంటుంది, ఎదురుగా ఏముందో కనిపించదు. మామూలుగా వేసుకెళ్లే బరువుతో నడిపినప్పుడు రేకు నీటికి సమాంతరంగా ఉండేలా పిన్ను పెట్టుకోవాలి.

బరువు, నీరు

మోటారు, ఆయిలు క్యాను, నడిపేవాడు ముగ్గురూ వెనకే ఉంటే పడవ కుంగక ఏం చేస్తుంది? క్యాను, ఐసు పెట్టె, వలలు నడుమకు జరపాలి. రెండు పక్కలా సమంగా, అడుగున సర్దాలి. అడుగున చేరిన వంద లీటర్ల నీరంటే వంద కిలోల బరువు. అదీ కదిలే బరువు. మలుపులో ఒక పక్కకు పరుగెత్తి పడవను వాల్చేస్తుంది. బయలుదేరే ముందే తోడిపోయాలి. అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకితే ఆ తేడా అదే రోజు తెలుస్తుంది.

పంకాపై అంకెలు

పంకా మీద 11, 13 వంటి రెండు అంకెలు ఉంటాయి. మొదటిది అడ్డుకొలత అంగుళాల్లో. రెండవది ఒక చుట్టు తిరిగితే ఎన్ని అంగుళాలు ముందుకు సాగాలో చెప్పే లెక్క. బరువులు మోసే పడవకు ఈ రెండవ అంకె తక్కువ ఉండాలి. ఒక అంగుళం తగ్గిస్తే ఇంజను నిమిషానికి సుమారు 150 నుంచి 200 చుట్లు ఎక్కువ తిరుగుతుంది. నిండు బరువుతో పూర్తిగా యాక్సిలరేటరు ఇచ్చినా కంపెనీ చెప్పిన చుట్లు రాకపోతే పంకా బరువెక్కువైందని అర్థం. అలాగే నడిపితే ఇంజను త్వరగా పాడవుతుంది. అంచులు విరిగిన పంకాను వాడకూడదు. పంకా వెనక చుట్టుకున్న వల దారం ఆయిలు సీలును కోసేస్తుంది. గేరు ఆయిలు పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే.

పరీక్ష ఇలా

ఒడ్డున రెండు చెట్లు గుర్తు పెట్టుకుని వాటి మధ్య ఏటికి ఎదురుగా ఒకసారి, వాలుగా ఒకసారి నడపాలి. పట్టిన సమయం, కాలిన పెట్రోలు నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. రోజుకు ఒక్క లీటరు మిగిలినా 200 రోజుల వేటకు 200 లీటర్లు!

ఉప్పునీటిలో తిరిగిన మోటారును ప్రతిసారీ మంచినీటితో కడగాలి. నడుస్తుండగా పక్క నుంచి సన్నటి నీటి ధార రావాలి. అది ఆగితే వెంటనే ఇంజను ఆపాలి.

ప్రాణం ముఖ్యం

2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక వద్ద గోదావరిలో నాటు పడవ నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. విద్యార్థినులు సహా పలువురు గల్లంతయ్యారు. వరద ఏటిలో స్తంభాలకు ఎగువ నుంచి దగ్గరగా పోకూడదు. ప్రవాహమే పడవను వాటి మీదికి నెడుతుంది. మోటారు ఎంత మంచిదైనా తెడ్లు, లంగరు, తాడు, అదనపు ప్లగ్గు పడవలో ఉండాల్సిందే. జనం కూర్చోవాలి, లైఫ్ జాకెట్లు తొడుక్కోవాలి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి. మోటారుతో వచ్చే ఎర్ర తాడును చాలామంది మేకుకు తగిలిస్తున్నారు. అది నడిపేవాడి మణికట్టుకు ఉండాలి. అతడు నీటిలో పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. లేకపోతే మనిషి లేని పడవ సుడులు తిరుగుతూ పంకాతో అతని మీదికే రావచ్చు.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట విరామం. వలలు అల్లుకునే ఆ రోజుల్లోనే మోటారు ఎత్తు, పిన్ను, పంకా, సీలు చూసుకుంటే జూన్ 15 తెల్లవారుజామున మొగ దాటే పడవ ఇబ్బంది పెట్టదు.